డచ్ విలేజ్‌లో మొహమాటం

డాక్టరుగా పనిచేసిన ముప్ఫై పైచిలుకు ఏళ్లలో గొప్పగా చెప్పుకోదగ్గ కేసు ఏదైనా ఉందా అని ఈమధ్య మా అల్లుడు అడిగాడు. అతనూ డాక్టరే. అతనికి కావలసినవి ఆపరేషన్ థియేటర్ కథలు. నా దగ్గర అలాంటివి లేవు. నాది జనరల్ ప్రాక్టీసు. దగ్గు, జ్వరం, బీపీ, నడుంనొప్పి, పనికి సెలవు చీటీ. వీటితోనే బతుకు వెళ్లిపోయింది. అయితే ఒక బుధవారం మాత్రం ఎండు రొయ్యల వాసన నా పరువు నిలబెట్టింది, దాంతోపాటు ఒక ముసలావిడ ఇంటినీ నిలబెట్టింది. అతనికి ఆ సంగతే చెప్పాను. శ్రద్ధగా విని, ఇందులో మెడిసిన్ ఎక్కడుంది మావయ్యగారూ అన్నాడు. ఉందో లేదో మీరే చూడండి. ఈ దేశానికి కొత్తగా వస్తున్న మన కుర్ర డాక్టర్ల కోసం రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివినా అభ్యంతరం లేదు.

మేం టూవూంబా చేరింది ఎనభైల చివర్లో. అంతకుముందు ఇంగ్లండులో కొన్నాళ్లు, క్వీన్స్‌లాండ్ పడమటి వైపు మనుషుల కంటే గొర్రెలు ఎక్కువున్న ఒక ఊళ్లో కొన్నాళ్లు చేశాను. టూవూంబా కొండ మీది ఊరు. ఎర్రమట్టి నేల, ఇక్కడ చలికాలమైన జూలైలో ఎముకలు కొరికే పడమటి గాలి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని తెలుగు కుటుంబాలు. నేను చేరిన క్లినిక్‌లో పెద్ద డాక్టరు ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడు. మాటల విషయంలో మహా పొదుపరి. ఊరి బయట ఒక డచ్ విలేజ్ ఉందని, బుధవారం బుధవారం అక్కడికి వెళ్లిరావడం ఇకమీదట నా పనని మొదటి వారమే చెప్పాడు.

విలేజ్ అంటే నేను నిజంగా పల్లెటూరే అనుకున్నాను. పొలాలూ గొడ్లూ ఉంటాయి కదా అని మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కూడా కారులో వేసుకున్నాను. పెద్ద వయసువాళ్లంతా ఒకే ఆవరణలో ఎవరి చిన్న ఇంట్లో వాళ్లు ఉండే చోటును ఈ దేశంలో విలేజ్ అంటారని నాకు అప్పటికి తెలియదు. వెళ్లి చూస్తే పాతిక ముప్ఫై ఇటుక ఇళ్లు, మధ్యలో పచ్చిక, గేటు దగ్గర నా ఎత్తున్న చెక్క గాలిమర. బూట్లు మట్టి అంటకుండానే వెనక్కి వచ్చాయి.

అక్కడున్నవాళ్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత హాలండ్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్లు. పాడి చేసి, వడ్రంగం చేసి, పిల్లల్ని పెద్ద చేసి, చివరి రోజుల్లో తమ భాష వినిపించే చోట ఉందామని తలా కొంత వేసుకుని కట్టుకున్నారు. ప్రతి ఇంటి ముందు గదికీ పెద్ద అద్దాల కిటికీ, కిటికీ గట్టు మీద పూలకుండీలు. తెరలు ఎప్పుడూ పక్కకు లాగే ఉంటాయి. దారిన పోతూ లోపల ఎవరేం తింటున్నారో చూడొచ్చు. మా దగ్గర దాపరికం లేదని కిటికీలే చెప్పేవి. మనుషులూ అంతే. ఆ విలేజ్‌ని నడిపే మేట్రన్ యాభై దాటిన డచ్చావిడ, ఆరడుగుల మనిషి. నన్ను చూడగానే, మీరు ఇంకాస్త పొడుగుంటారనుకున్నాను అంది. అందులో వెటకారమేమీ లేదు. అనుకుంది, చెప్పింది, అంతే.

పది గంటలకు హాల్లో అందరూ కలిసి కాఫీ తాగడం అక్కడి ఆనవాయితీ. ఆ మొదటి రోజు నేను ఉదయం ఏమీ తినకుండా బయల్దేరాను. మేట్రన్ కాఫీ ఇచ్చి, రేకుడబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. లోపల వెన్నతో చేసిన బిస్కెట్లు, బాదం వేసినవి. నోరూరింది. వెంటనే, వద్దండీ అన్నాను. సరే అని ఆమె మూత పెట్టేసి డబ్బా తీసుకెళ్లి అలమరలో పెట్టింది. అలమర తలుపు కూడా వేసింది.

మాది గోదావరి జిల్లా. మా వైపు మర్యాదల గురించి మిగతా జిల్లాలవాళ్లు చేసే వేళాకోళం మీకు తెలిసే ఉంటుంది. మా దగ్గర అతిథి మొదట వద్దంటాడు. అది ఆకలి లేక కాదు, ఆబగా మీద పడితే బాగుండదని. ఇంటివాళ్లు రెండోసారి బతిమాలతారు. అతిథి కాస్త మెత్తబడి, అబ్బే ఇప్పుడే తినొచ్చానండీ అంటాడు. మూడోసారికి అడగడం ఉండదు, విస్తట్లో వడ్డించేయడమే. మొదటి మాటకే సరేనని ఊరుకునే ఇంటికి మా వాళ్లు మళ్లీ వెళ్లరు. నేను ఆ అలమర వంక చూస్తూ రెండోసారి కోసం ఎదురుచూశాను. రెండోసారి అన్నది ఆ విలేజ్‌లో లేదు. మధ్యాహ్నం రెండింటి దాకా కడుపులో పేగులు అరుస్తుంటే పేషెంట్ల కడుపులు నొక్కి చూశాను.

తిరిగొచ్చి పెద్ద డాక్టరుకి చెబితే ఆయన నవ్వలేదు. "వాళ్ల మాట వెనకాల వేరే మాట ఉండదు. ఒకసారి అడుగు, చెప్పింది నమ్ము, తర్వాతి ఇంటికి పద," అన్నాడు. ఆయన నోట ఒక్కసారే అన్ని మాటలు వినడం నాకు అదే మొదలు కాబట్టి బాగా గుర్తుపెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ సలహా బంగారం. నొప్పి ఉందా అంటే, ఉంది, ఎడమవైపు, మంగళవారం నుంచి అనేవారు. లేదంటే లేనట్టే. మందు పనిచేయకపోతే, మీ మందు పనిచేయలేదు అని మొహం మీదే చెప్పేవారు. మన పేషెంట్లయితే, మీ చేతి చలవ డాక్టరుగారూ అంటూ ఆ మందు కాలవలో పారేసి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. కొద్ది నెలల్లోనే నాకు ఆ పద్ధతి ఎంత సుఖంగా అనిపించిందంటే, నేనూ డబ్బా మూత తీసిన మరుక్షణం రెండు బిస్కెట్లు తీసుకోవడం నేర్చుకున్నాను.

మా ఆవిడకి మాత్రం అది ఎక్కలేదు. ఒక శనివారం మేట్రన్‌ని, ఆమె భర్తని భోజనానికి పిలిచాం. మా ఆవిడ రెండు రోజులు వండింది. మేట్రన్ ఒకసారి పెట్టించుకుని తింది, చాలా బాగుందంది. మా ఆవిడ గిన్నె పట్టుకుని వెళ్లి ఇంకాస్త వేయబోతే వద్దంది. మొహమాటపడుతోందనుకుని ఈవిడ గరిటె వంచింది. మేట్రన్ కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "వద్దని చెప్పాను, మీకు వినపడలేదా?" అని అడిగింది. కోపంగా కాదు. నిజంగానే వినపడలేదేమోనని. మా ఆవిడ మొహం మాడిపోయింది. వాళ్లు వెళ్లాక గిన్నెలు సర్దుతూ, "ఆవిడ వద్దంటే నిజంగానే వద్దంటారేంటండీ? అంత ఫుడ్ వండి కూర్చుంటే ఒక్కసారి సర్వ్ చేసి ఊరుకోవాలా? మనింట్లో ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అంది. ఇక్కడి మర్యాద వేరని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ సగం విని లైటు తీసేసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

విలేజ్ చివర, యూకలిప్టస్ చెట్ల పక్కన, ఒక వితంతువు ఉండేది. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, చామనఛాయలో ఉండేది. ఆమె పుట్టింది జావాలో, డచ్చివాళ్ల పాలన ఉన్న రోజుల్లో. తాత డచ్చివాడు, అమ్మమ్మ జావా మనిషి. యుద్ధం అయ్యాక కుటుంబమంతా హాలండ్ చేరి, అక్కడ పెళ్లయి, చాలా ఏళ్ల తర్వాత భర్తతో ఇక్కడికి వచ్చిందట. ఇదంతా నాకు ఎవరో కాఫీ దగ్గర చెప్పారు. చెప్పి, ఆవిడ మాకంటే డచ్చి మనిషి అని కూడా అన్నారు. నేను కాదనలేదు. ఆమె ఇంటి కిటికీకీ తెరలు తీసే ఉంటాయి, గట్టు మీద కుండీలున్నాయి, బల్ల మీద అందరిలాగే చిన్న తివాచీ పరిచి ఉంటుంది. క్లినిక్‌కి ఎప్పుడూ రాలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి అని పేరు. డాక్టర్లకు అలాంటి పేషెంట్లంటే ఇష్టం, ఇష్టం కాబట్టే మరిచిపోతాం.

ఆ జూలైలో ఒక బుధవారం మేట్రన్ కాఫీ అయ్యాక నన్ను ఆపి ఆమె గురించి చెప్పింది. కొన్ని వారాలుగా ఆవిడ హాల్లోకి రావడం లేదు. పగలు కుర్చీలోనే నిద్రపోతోంది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంటోంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే గిన్నె మాడిపోయి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఇలాంటి మనిషిని ఒంటరిగా ఉంచడం ప్రమాదమని విలేజ్ కమిటీ అంటోంది. ఊళ్లో నర్సింగ్ హోమ్‌లో ఒక గది ఖాళీ అయింది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లోలా ప్రైవేటు ఆసుపత్రి కాదు. తమ పనులు తాము చేసుకోలేనివాళ్లు చివరిదాకా ఉండే చోటు. అక్కడికి వెళితే ఇక్కడి ఇల్లు వేరొకరికి ఇచ్చేస్తారు, తిరిగి రావడమన్నది ఉండదు. ఆ గది కావాలో వద్దో ఆ సాయంత్రానికల్లా చెప్పాలి. అందుకు డాక్టరు మాట కావాలి.

"ఆమెను అడిగారా?" అన్నాను.

"అడిగాను. మీకెలా వీలైతే అలాగే అంది. ఒప్పుకున్నట్టే," అంది మేట్రన్.

మేట్రన్ చెడ్డది కాదు. అది మీరు గుర్తుంచుకోవాలి. అంతకు ముందు ఏడాది ఒక ముసలాయన స్నానాల గదిలో పడిపోయి ఒక రాత్రంతా అలాగే ఉండిపోయాడు. తలుపు తీసి చూసింది మేట్రనే. మళ్లీ అలా తలుపు తీయవలసి వస్తుందేమోనని ఆమె భయం.

నేను వెళ్లేసరికి ఆవిడ ముందు గదిలో శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. లేవబోతే వద్దన్నాను. అయినా లేచింది, లేచి కుర్చీ వీపు పట్టుకుని ఒక క్షణం కళ్లు మూసుకుంది. నా ప్రశ్నలు నేను అడిగాను. ఆకలి ఎలా ఉంది? బాగానే ఉంది డాక్టర్. నిద్ర? బాగానే పడుతోంది. కళ్లు తిరుగుతున్నాయా? లేదు లేదు. నొప్పులేమన్నా? ఏమీ లేవు. కడుపులో? అబ్బే. ప్రతి జవాబుకీ ఒక చిన్న నవ్వు. మతిమరుపు ఉందేమోనని ఈ రోజు ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు అని అడిగితే అవి చెప్పి, ఊరి మేయరు పేరు కూడా చెప్పింది. ఆ పేరు నాకే తెలియదు. నాడి కొంచెం జోరుగా ఉంది, బీపీ కొంచెం తక్కువగా ఉంది. డాక్టరంటే బెదిరే ముసలివాళ్లకి నాడి అలాగే కొట్టుకుంటుంది, సన్నటివాళ్లకి బీపీ అలాగే ఉంటుంది.

ఒకసారి అడిగాను, చెప్పింది నమ్మాను, ఇక తర్వాతి ఇంటికి వెళ్లాలి. ఆ రోజు ఇంకా ఆరేడు ఇళ్లున్నాయి. రోగం ఏమీ లేదు, వయసు మీద పడింది, ఒంటరిగా ఉండటం మంచిది కాదు అన్న వాక్యం మనసులో సిద్ధమైపోయింది. బ్యాగు మూసి లేచాను. ఆ క్షణంలో ఆమె ఇల్లు ఇక ఆమెది కాదు.

"డాక్టర్, కొంచెం తిని వెళ్లండి," అంది ఆవిడ.

అప్పుడు గమనించాను. వంటగదిలోంచి వాసన వస్తోంది. వెల్లుల్లి, ఎండు మిరపకాయలు, వాటి వెనక గట్టిగా ఎండు రొయ్యలు. మా అమ్మమ్మగారి పెరట్లో చేటల్లో ఆరబోసిన రొయ్యల వాసన, కాస్త తేడాతో. డాక్టరు వస్తున్నాడని తెలిసి ఆ ఓపిక లేని మనిషి పొద్దున్నుంచి నిలబడి వండింది.

కానీ నేను అప్పటికి బాగా తర్ఫీదైన మనిషిని. "వద్దండీ, థాంక్యూ. టైం లేదు," అని స్పష్టంగా, డచ్చివాడిలా చెప్పాను.

"కొంచెమే, డాక్టర్. రెండు ముద్దలు."

"వద్దండీ, నిజంగా."

ఆవిడ గోడ పట్టుకుంటూ వంటగదిలోకి వెళ్లింది. కంచం పట్టుకుని వచ్చింది. అందులో అన్నం, మీద వేయించిన గుడ్డు, పక్కన వేరుశనగ పులుసు, ఎర్రటి మిరపకాయ పచ్చడి. బల్ల మీద పెట్టేసింది. "ఇంత దూరం నా కోసం వచ్చారు. ఖాళీ కడుపుతో ఎలా పంపను?" అంది.

తలుపు పిడి మీద చెయ్యి వేసినవాణ్ణి అలాగే నిలబడిపోయాను. అన్ని నెలలుగా ఆ విలేజ్‌కి వస్తున్నాను, ఆ ఆవరణలో నన్ను రెండోసారి అడిగినవాళ్లే లేరు. ఈవిడ మూడోసారికి అడగనే లేదు, వడ్డించేసింది. ఎదుటివాళ్ల వద్దును నమ్మని మనిషి ఈవిడ. మరి ఈవిడ లేదన్న మాటను నేనెందుకు నమ్మాను? కిటికీ, తివాచీ, ఇంటిపేరు చూసి డచ్చి మనిషి అనుకున్నాను. ఈవిడ మా పిన్నిలాంటి మనిషి. మా పిన్ని నూట రెండు జ్వరంతో కూడా, నాకేంరా, నిక్షేపంలా ఉన్నాను, నువ్వు తిన్నావా అనే రకం.

బ్యాగు కింద పెట్టి కూర్చున్నాను. చేత్తో తిన్నాను. ఆవిడ మొహం విప్పారింది. పచ్చడి బాగుందన్నాను, మా ఊళ్లోనూ రొయ్యలు ఇలాగే దంచుతారన్నాను. ఎక్కడ మీ ఊరు అంది. సముద్రం దగ్గరా అంది. కాసేపు అవే కబుర్లు. ఆ తర్వాత మెల్లగా, కడుపులో ఏమన్నా ఇబ్బందిగా ఉంటోందా అన్నాను. లేదు లేదు అంది, కానీ ఈసారి నవ్వు లేదు. ఇంకో ముద్ద తిన్నాను. మూడోసారి నేనూ అడగలేదు. ఉందనే అనుకుని, కంచంలోకి చూస్తూ, "నొప్పికి ఏం మాత్రలు వేసుకుంటున్నారు?" అన్నాను.

ఆవిడ శాలువా అంచు సర్దుకుంటూ చెప్పింది. మోకాళ్ల నొప్పికి ఎప్పుడో ఒక డాక్టరు రాసిన మాత్రలు. చలి మొదలయ్యాక నొప్పి ఎక్కువైతే రోజుకి రెండింటికి బదులు నాలుగు. పక్కింటావిడ తనవి కొన్ని ఇచ్చింది, వద్దంటే బాగుండదని అవీ వేసుకుంది. కడుపులో మంట. అది పెద్ద విషయం కాదు, అన్నం తింటే తగ్గుతుంది.

తర్వాత అడగవలసిన ప్రశ్న మగ డాక్టరు ఒక పెద్దావిడను అడగడం కష్టం. ఆవిడకి జవాబు చెప్పడం ఇంకా కష్టం. నేను ఆమె వైపు చూడకుండా, మాత్రల వల్ల కొందరికి విరేచనం నల్లగా అవుతుంది, అందరూ చెప్పరు అన్నాను. ఆవిడా కిటికీ బయటికి చూస్తూ, "తారులాగా, డాక్టర్. కొన్ని వారాల నుంచి," అంది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె కంటి కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండవలసిన చోట సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. పైకి ఆ చామనఛాయ అంతా కప్పేసింది. ఆ మాత్రలకి కడుపులో పుండు పడి రోజూ నెత్తురు పోతోంది. ఆ నిద్ర, ఆ గోడ పట్టుకోవడం, ఆ మాడిన పాలగిన్నె, అన్నీ నెత్తురు లేకపోవడమే. ముసలితనం కాదు, మతిమరుపు కాదు. ఆపగలిగిన జబ్బు. ఆపకపోతే ఆ రాత్రో మర్నాడో ప్రాణం తీసే జబ్బు కూడా. ఆమె ఇంటి ఫోన్ ఎత్తి అంబులెన్స్‌కి చెప్పాను. నేను మాట్లాడుతుంటే ఆవిడ, మీరు పూర్తిగా తినలేదు డాక్టర్ అంటోంది.

మేట్రన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. విషయం చెప్పి, నర్సింగ్ హోమ్ గది ఇప్పుడే తీసుకోవద్దన్నాను.

"ఆ గది పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆవిడ కోలుకోకపోతే ఎక్కడికి పంపను? పైగా ఆవిడ సరే అంది," అంది మేట్రన్.

"మీరు ఒక్కసారే అడిగారు."

"ఎన్నిసార్లు అడగాలి?"

"మూడుసార్లు."

మేట్రన్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆవిడను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే వెంట నడిచి, తిరిగొచ్చి తలుపు తాళం వేసింది. సాయంత్రం కమిటీవాళ్లు గది గురించి అడిగితే, వద్దని చెప్పానని మర్నాడు నాకు ఫోన్ చేసి చెప్పింది. ఎందుకు వద్దందో చెప్పలేదు. ఆ మనిషి నా మాట నమ్మి అంత బరువు తన నెత్తిన వేసుకుందని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ కోలుకోకపోతే కమిటీ ముందు నిలబడవలసింది మేట్రనే, నేను కాదు.

ఆ రెండు మూడు రోజులు నాకు తిండి సహించలేదు. ఆసుపత్రిలో నెత్తురు ఎక్కించారు, గొట్టం వేసి పుండు చూశారు, మాత్రలు మార్చారు. నెత్తురు కారడం ఆగిందని వార్డు డాక్టరు ఫోన్ చేసిన రోజు, క్లినిక్ వెనకాల కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే. ఎంత దగ్గరగా వచ్చి తప్పించుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ ఊపిరి తేలికవుతుంది. పెద్ద డాక్టరు ఆ రోజు నా గదిలోకి వచ్చి, ఎలా పట్టుకున్నావని అడిగాడు. అన్నం తిన్నానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, తలూపి వెళ్లిపోయాడు.

ఇంట్లో చెబితే మా ఆవిడ అంతా విని, "చూశారా, ఊరికే లెక్చర్ ఇచ్చారు నాకు. బతిమాలడం బ్యాడ్ మేనర్స్ అని ఎవరన్నారండీ?" అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాదనలో ఆవిడదే పైచేయి.

ఆ ఊపులో నేను కొన్నాళ్లు విలేజ్‌లో అందరినీ మూడేసిసార్లు అడగడం మొదలుపెట్టాను. పాత పాడిరైతు ఒకాయన రెండోసారికే కోపం తెచ్చుకుని, నాకు చెవుడా లేక తన మాటంటే నమ్మకం లేదా అని నిలదీశాడు. కుర్ర డాక్టర్లకు చెప్పేది ఇదే. ఎవరిని ఒకసారి అడగాలో, ఎవరిని మూడుసార్లు అడగాలో ఇంటిపేరు చూసి తెలియదు. కూర్చుంటే తెలుస్తుంది. మీకు పేషెంటుకి పది నిమిషాలే ఇస్తారని నాకు తెలుసు. మాకూ అంతే ఇచ్చేవారు.

ఆవిడ చలి తగ్గాక, ఇక్కడి వసంతం మొదట్లో ఇంటికి వచ్చింది. మొహంలో రంగు వచ్చింది. పదింటి కాఫీకి హాల్లోకి తనే నడిచి రావడం మొదలుపెట్టింది. అయినా కమిటీలో అనుమానం పోలేదు. వయసైతే అయింది కదా, ఇవాళ కాకపోతే రేపు అన్నారు. నర్సింగ్ హోమ్‌లో ఇంకో గది ఖాళీ అయిందని కబురు వచ్చింది. ఒక బుధవారం నేను ఆవిడ బీపీ చూస్తుండగా మేట్రన్ లోపలికి వచ్చింది.

నిలబడే అడిగింది, అక్కడికి వెళ్తారా అని.

"మీ అందరికీ ఎలా వీలైతే అలాగే," అంది ఆవిడ నవ్వుతూ.

మేట్రన్ నోరు తెరిచి, మూసి, నా వైపు చూసింది. నేను బీపీ పట్టీ మడిచి పెట్టుకుంటూ ఉన్నాను. ఆమె మళ్లీ అడిగింది. ఒకే ప్రశ్న రెండోసారి అడగడం ఆమెకి ఎంత ఇబ్బందిగా ఉందో చెవులు ఎర్రబడటంలో తెలిసిపోయింది.

"నా వల్ల మీకెందుకు శ్రమ," అంది ఆవిడ. ఈసారి నవ్వు కొంచెం తగ్గింది.

మేట్రన్ కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆ విలేజ్‌లో ఆమె కాఫీ వేళ తప్ప కూర్చోగా నేను చూడలేదు. పెద్ద చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, గొంతు తగ్గించి, మూడోసారి అడిగింది. "మా సంగతి వదిలేయండి. మీకు వెళ్లాలని ఉందా?"

ఈసారి ఆవిడ నవ్వలేదు.

"లేదు," అంది. "నేను వెళ్లను. మా ఆయన ఈ ఇంట్లోనే పోయాడు. నేనూ ఇక్కడే ఉంటాను."

"అయితే ఉండండి," అంది మేట్రన్. "కమిటీకి నేను చెబుతాను." ఆ విషయం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అంత గట్టిగా మాట్లాడినందుకు ఆవిడ తనే కంగారుపడిపోయింది. గబగబా లేచి వంటగదిలోకి వెళ్లి మేట్రన్ కోసం కంచం తెచ్చింది. మేట్రన్ వద్దంది, భోజనం అయిందంది. ఆవిడ కొంచెమే అంది. మేట్రన్ వద్దంది. ఆవిడ కంచం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టేసింది.

మేట్రన్ నా వైపు చూసింది. తర్వాత చెంచా అందుకుంది. పచ్చడి ఘాటుకి కళ్లవెంట నీళ్లు కారుతున్నా, చివరి మెతుకు దాకా తిని, చాలా బాగుందంది.